వాచ్ ఎవరికి అప్పగించాలి? ఒక మాజీ సబ్‌మెరైనర్ నిద్రలేమి: కేస్ స్టడీ

జలాంతర్గామి (సబ్‌మెరైన్)లో పనిచేసి రిటైరైన ఒక నావికుడి కేసు ఇది. దీన్ని రాయడానికి ఆయనా, ఆయన భార్యా రాతపూర్వకంగా సమ్మతించారు. వయసు, ర్యాంకు, పనిచేసిన జలాంతర్గామి, కుటుంబానికీ ప్రస్తుత ఉద్యోగానికీ చెందిన కొన్ని సంగతులు మార్చాను లేదా వదిలేశాను. చికిత్సలో ఏ మలుపు దగ్గర ఎందుకు ఆ నిర్ణయం తీసుకున్నామన్నది మాత్రం ఉన్నదున్నట్టే రాశాను. గుంటూరు, విజయవాడల్లో ప్రాక్టీసు చేసే వైద్యులమైన మాకు మాజీ సైనికోద్యోగులు తరచూ తారసపడతారు. వారిలో సబ్‌మెరైన్ విభాగంవారు అరుదు కాబట్టి, వారి ఇబ్బందిని మనకు అలవాటైన రోగనిర్ధారణల్లో ఏదో ఒకదానికి సరిపెట్టేసే ప్రమాదం ఎక్కువ.

నేపథ్యం

నలభై ఐదు దాటిన వ్యక్తి. ఇంటర్ కాగానే నౌకాదళంలో చేరి, కోరి సబ్‌మెరైన్ విభాగాన్ని ఎంచుకుని, విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ శాతవాహనలో శిక్షణ పొందారు. సర్వీసులో ఎక్కువ భాగం డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గాముల్లో ఎలక్ట్రికల్ పని. రిటైరయ్యాక గుంటూరులో ఇల్లు కట్టుకుని, మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా కుదిరారు. భార్య గృహిణి. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం.

ఆయన పనిచేసిన చోటు ఎలాంటిదో కొంత వివరంగా చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మన నౌకాదళంలోని సింధుఘోష్ తరగతి జలాంతర్గామి పొడవు సుమారు 72 మీటర్లు. అందులో యాభై మందికి పైగా సిబ్బంది ఉంటారు, ఏకబిగిన 45 రోజుల దాకా సముద్రంలో ఉండగలదు. ఆ యాభై మందికీ కిటికీ లేదు, ఎండ లేదు, ఒంటరిగా కూర్చునే మూల లేదు. ఒకరు డ్యూటీకి లేస్తే ఇంకొకరు అదే పక్క మీద పడుకోవాల్సి రావచ్చు. మంచినీటిని లెక్కగా వాడుకోవాలి. బ్యాటరీలు చార్జి చేసేటప్పుడు వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు పేలడానికి. ఆ బ్యాటరీల మీదికి ఉప్పునీరు వస్తే క్లోరిన్ పుడుతుంది. బయటి గాలిలో 0.04 శాతం ఉండే కార్బన్ డయాక్సైడ్ లోపల అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది, దాన్ని రసాయనాలతో పీల్చి తీసేస్తుండాలి. పగలూ రాత్రీ అనేవి గడియారంలోనే ఉంటాయి. అమెరికా నౌకాదళం దశాబ్దాల పాటు తన జలాంతర్గాముల్లో ఆరు గంటల వాచ్ (వంతు ప్రకారం చేసే కాపలా డ్యూటీ), పన్నెండు గంటల విరామం చొప్పున 18 గంటల రోజును నడిపి, 2014–15 ప్రాంతంలో 24 గంటల రోజుకు మారడానికి నిద్ర దెబ్బతినడమే ముఖ్య కారణం.

ఇలాంటి చోట మనిషి చెవీ ముక్కూ పరికరాలవుతాయి. వెంటిలేషన్ ఫ్యాన్ల హోరు నిరంతరంగా ఉన్నంతసేపూ అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆ హోరు మారినా, ఆగినా, ఏదైనా కాలిన వాసన వచ్చినా గాఢనిద్రలో ఉన్నవాడు కూడా లేచి నిలబడతాడు. ఇది జబ్బు లక్షణమేమీ కాదు, బతకడానికి వారికి నేర్పిన విద్య.

వచ్చిన సమస్య

మొదట నా దగ్గరికి వచ్చింది ఆయన భార్య. వారం ముందు అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. కూతురు గది తలుపు లోపల గడియ వేసి ఉంది. ఆ పిల్ల దోమల కోసం చక్రం వెలిగించి, పరీక్షలకు చదివి చదివి పుస్తకం మీదే నిద్రపోయింది. తలుపు సందులోంచి పొగ వాసన వస్తూనే, ఈయన పిల్లను పేరు పెట్టి పిలిచింది లేదు, తట్టింది లేదు. భుజంతో ఒక్క తోపు తోసి గడియ ఊడగొట్టారు. చీకట్లో టార్చి పట్టుకుని గదిలోకి దూకిన తండ్రిని చూసి పిల్ల బెదిరి కేక పెట్టింది. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది.

అడగ్గా బయటపడిన మిగతా సంగతులు: రిటైరైన దగ్గర నుంచి రాత్రి వరసగా మూడు గంటలకు మించి నిద్ర లేదు. గంటకో రెండు గంటలకో లేచి వంటగదిలో గ్యాస్ రెగ్యులేటరు, మీటరు బోర్డు, పెరటి తలుపు చూసి వస్తారు. ఏ స్విచ్ వేసి మరిచినా కేకలు. మందుల షాపులో తనే కొనుక్కుంటున్న అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మాత్ర), దాని మీద కొన్ని రాత్రుల్లో క్యాంటీన్ రమ్ము. ఈ రెండూ కలిస్తే శ్వాస మందగించే ముప్పు ఉంది కనుక, భార్య ఆ మాట చెప్పగానే ఆయన్ను వెంటనే తీసుకురమ్మన్నాను.

ఆయన వచ్చి కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తు. గదిలో స్ప్లిట్ ఏసీ ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంది. నాకది వినపడనే లేదు, ఆయన మాట మధ్యలో ఆపి పైకి చూసి, అది మళ్లీ మొదలయ్యాక వాక్యం పూర్తి చేశారు.

తాను చేసిన పనుల గురించి బయట చెప్పకూడని నియమాలున్నాయని, అందుకే ఇన్నాళ్లూ ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లలేదని అన్నారు. సర్వీసులో ఉన్నప్పుడు చెబితే మెడికల్ కేటగిరీ (ఆరోగ్య శ్రేణి) పడిపోయి బోటు, అంటే జలాంతర్గామి, దిగాల్సి వస్తుందన్న భయం, దిగాక ఈ గోప్యత. మొదటి రోజే ఒక ఒప్పందం చేసుకున్నాం: బోటు ఎక్కడికి వెళ్లింది, ఎందుకు వెళ్లింది, లోపల ఏ యంత్రం ఎలా పనిచేస్తుంది అన్నవి నేను అడగను, ఆయన చెప్పరు. ఆ సమయంలో ఒళ్లు ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, మనసులో ఏముంది అన్నవే మా పరిధి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆయన చెప్పినవాటికి గోప్యత హక్కు ఉందని కూడా వివరించాను. చికిత్సకు కావలసినదంతా ఆ పరిధిలోనే దొరికింది. సైనిక రహస్యాలకు దూరంగా ఉంటూనే పూర్తి చరిత్ర తీసుకోవచ్చన్న సంగతి తోటి వైద్యులకు ప్రత్యేకంగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఈ ఒక్క భరోసా ముందే ఇస్తే చాలామంది తలుపు దాకా వచ్చి వెనుదిరగరు.

ఏ జబ్బు అనుకోవాలి?

సైనికుడు, ఉలికిపాటు, నిద్రలేమి, తాగుడు: ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే ఎవరికైనా మొదట పీటీఎస్‌డీయే (భయానక సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక రుగ్మత) తడుతుంది. నాకూ అదే తట్టింది. కానీ పీడకలలు లేవు. పాత సంఘటన కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టనిపించడం లేదు. సర్వీసులో ఒకసారి స్వల్పంగా పొగ లేచిన సంఘటనను తడుముకోకుండా, తప్పించుకోకుండా చెప్పారు. 2013 ఆగస్టు 14న ముంబయిలో సింధురక్షక్ పేలి 18 మంది చనిపోవడం గురించి అడిగినప్పుడు కళ్లు చెమర్చాయి, చాలాసేపు మౌనంగా ఉన్నారు. అది తోటివారిని పోగొట్టుకున్న దుఃఖం. దాన్ని లక్షణాల పట్టికలో వేయడం న్యాయం అనిపించలేదు.

పదేపదే చూసి రావడాన్ని బట్టి ఓసీడీ (తీరని అనుమానంతో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే రుగ్మత) అనుకోవచ్చా? ఓసీడీలో రెగ్యులేటరు కట్టేసి ఉందని కళ్లతో చూసినా అనుమానం తీరదు, ఆ చూడటం అనవసరమని రోగికి చాలావరకు తెలుసు, అది అతన్ని బాధిస్తుంది. ఈయన ఒకసారి చూస్తే ఆ విడతకు తృప్తి పడతారు, చూడటం తప్పనిసరి పని అనే నమ్ముతారు. డబ్బు, ఆరోగ్యం, పిల్ల చదువు గురించి ఎడతెగని దిగులు లేదు కనుక సాధారణ ఆందోళన రుగ్మతా సరిపోలేదు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం గురించి భార్యను వాకబు చేశాం, లేవు. థైరాయిడ్ బాగుంది. విటమిన్ డి తక్కువగా ఉంటే సరిచేశాం. మనసు కుంగిన మాట నిజం, ఒక మోస్తరు డిప్రెషన్ ఉంది. నిద్రలేమి తీవ్రతను కొలిచే ఐఎస్ఐ ప్రశ్నావళిలో స్కోరు 22కు పైన, అంటే తీవ్రమైన శ్రేణిలో ఉంది.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదటి పని రమ్ము ఆపించడం, అల్ప్రాజోలంను వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించడం. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి తొందరపడలేదు. డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టాం. కొన్ని వారాలకు చిరాకు తగ్గింది, ఆకలి కుదిరింది, నిద్ర మాత్రం అంగుళం కదల్లేదు.

తర్వాత నిద్రలేమికి నిర్దేశించిన సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ). దీర్ఘకాల నిద్రలేమికి మందుల కంటే ముందు ఇవ్వాల్సిన చికిత్స ఇదేనని నిపుణుల సంఘాల సిఫారసు. నా అనుభవంలోనూ ఇది నమ్మదగినది. ఇక్కడ అది మూడు చోట్ల ఎదురుతిరిగింది. నిద్ర పట్టకపోతే ఇరవై నిమిషాలకు పక్క మీద నుంచి లేచి వేరే గదిలో కూర్చోవాలన్న నియమాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటించారు. లేచిన ప్రతిసారీ ఇల్లంతా ఒక చుట్టు తిరిగారు! తిరగడానికి డాక్టరు అనుమతి దొరికినట్టయింది. పడుకునే వేళలను కుదించి నిద్ర ఒత్తిడి పెంచుదామంటే, తక్కువ నిద్రతో నెట్టుకురావడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఇక ఊపిరి మీద ధ్యాస పెట్టి ఒంటిని సడలించే సాధన ఇస్తే, కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా ఉంటే ఇంట్లో ప్రతి చప్పుడూ ఇంకా స్పష్టంగా వినిపిస్తోందన్నారు.

భయమే మూలమైతే ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని కావాలని ఎదుర్కొనే సాధన) పనిచేయాలి. ఫ్యాను ఆగడమే ట్రిగ్గర్ కాబట్టి, రాత్రి పక్క మీద పడుకున్నాక భార్య ఫ్యాను ఆపడం, ఆయన లేవకుండా ఉండటం సాధన చేయించాం. ఫలితం వింతగా వచ్చింది: ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు. నాడి పెరగలేదు, చెమట పట్టలేదు. ఆపిందెవరో తెలుసు కాబట్టి హాయిగా పడుకున్నారు. అదే వారంలో ఓ రాత్రి నిజంగా కరెంటు పోతే లేచి మీటరు దగ్గర నిలబడ్డారు.

విఫలమైన ఈ ప్రయత్నమే నా ఆలోచనను మార్చింది. ఆగడం ఆయన్ను భయపెట్టడం లేదు. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియకపోవడం, తెలుసుకునే బాధ్యత మరెవరి మీదా లేకపోవడం ఆయన్ను లేపుతోంది.

నిద్ర డైరీలోని ఒక గడి

సీబీటీ కోసం రాయించిన నిద్ర డైరీలను ఆ కోణంలో మళ్లీ తిరగేశాను. ఇంట్లో పడుకున్న రాత్రులన్నీ ముక్కలు ముక్కలు. కానీ కోల్డ్ స్టోరేజీలో నైట్ షిఫ్టు చేసిన మర్నాడు, ఇంటికి రాకుండా అక్కడే రెస్ట్ రూములో పడుకున్న పగళ్లలో, ఏకంగా ఐదేసి గంటల నిద్ర రాసి ఉంది. అమ్మోనియా కంప్రెషర్ల రొద పక్కన, మార్చి ఎండలో, లారీల నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) దించే కూలీల కేకల మధ్య!

ఆ గడి చూపించి అడిగాను. "అక్కడ రిలీవర్ వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టేస్తాడు కదండీ" అన్నారు, అందులో అడగడానికి ఏముందన్నట్టు. మరి బోటులో? "బోటులో బ్రహ్మాండంగా పడుకునేవాణ్ని డాక్టరు గారూ. నా వాచ్ అయిపోయాక ఇంకొకడు నిలబడి ఉంటాడు. ఏదన్నా అయితే వాడే లేపుతాడు." కాసేపాగి, "ఇంట్లో ఎవరున్నారండీ?" అన్నారు.

యాభై మంది ప్రాణాలు ఒకరి మీద ఒకరివి ఆధారపడిన చోట ఈయన నిద్రపోగలిగారు, ఎందుకంటే అక్కడ మెలకువ వంతుల వారీగా పంచుకున్న పని. వాచ్ దిగేవాడు లోపలి పరిస్థితి నోటితో చెప్పి, ఎక్కేవాడు విన్నానని ఒప్పుకున్నాక గానీ అప్పగింత పూర్తికాదు. రిటైరైన రోజు నుంచి ఆయన్ను ఎవరూ రిలీవ్ చేయలేదు. ఆయన అప్రమత్తతను అణచడానికి మేం చేసినవన్నీ డ్యూటీలో ఉన్న మనిషిని బలవంతంగా నిద్రపుచ్చే ప్రయత్నాలే అయ్యాయి, బాధ్యత తెలిసిన మనిషి వాటికి లొంగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పనిచేసినది

తర్వాతి సెషన్‌కు భార్యను కూడా రమ్మన్నాను. ఇంట్లో ఎవరున్నారన్న ఆయన ప్రశ్నను, ఆయన అనుమతితో, ఆమె ముందుంచాను. ఆమె తడుముకోలేదు. "మీరు సెయిలింగుకు వెళ్లినన్నాళ్లూ ఈ ఇల్లు ఎవరు చూసుకున్నారు? పిల్లకు జ్వరమొస్తే ఎవరు లేచారు? తుపానుకు రేకులు లేచిపోతే ఎవరు కట్టించారు?" ఆయన దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లుగా ఆమె ఒంటరిగా చేసిన వాచ్‌ను ఆయన ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. పైగా దిగిన రోజు నుంచి ఆమె అమర్చుకున్న ఏర్పాట్లన్నిటినీ సరిదిద్దడం మొదలుపెట్టారు.

1968లో రిచర్డ్ ఐసే అనే అమెరికన్ మనోవైద్యుడు జలాంతర్గామి సిబ్బంది భార్యల్లో డిప్రెషన్‌ను వివరించారు. భర్త సముద్రం మీదికి వెళ్లినప్పటి కంటే అతను తిరిగి వచ్చే సమయంలో అది పైకి రావడం అందులోని విశేషం. తానొక్కతే నిలబెట్టుకున్న ఇంటి క్రమం ఒక్కసారిగా చేయి జారిపోతుంది, ఆ మాట పైకి అనడానికి నోరు రాదు. ఈమెను విడిగా పలకరిస్తే సరిగ్గా అదే బయటపడింది. భర్త వైద్యుణ్ణే ఆమె వైద్యుడిగా ఉంచడం మంచిది కాదని, విజయవాడలోని మరొక సహోద్యోగి దగ్గరికి పంపాను.

ఆ పైన ముగ్గురం కలిసి ఒక పద్ధతి రాసుకున్నాం. రాత్రి పదింటికి భార్యాభర్తలిద్దరూ కలిసి ఒకే ఒక్కసారి ఇల్లు తిరిగి చూస్తారు. గ్యాస్, తలుపులు, మోటారు స్విచ్, మీటరు బోర్డు ఎలా ఉన్నాయో ఆయన పైకి చెబుతారు. ఆమె విని, నోటుబుక్కులో టైము వేసి సంతకం పెడుతుంది. అక్కడి నుంచి తెల్లవారి ఐదింటి దాకా వాచ్ ఆమెది. ఏ చప్పుడైనా, ఏ వాసన వచ్చినా లేవాల్సింది ఆమె, అవసరమైతే ఆయన్ను పిలవాల్సిందీ ఆమే. మర్నాడు రాత్రి వంతులు మారతాయి. భారమంతా ఆమె నెత్తినే పడకూడదన్నది ఒక కారణం. తన వంతు ఉన్న రోజున ఆయన మెలకువకు ఒక హద్దు ఏర్పడుతుందన్నది రెండో కారణం. వాచ్ అంటే మేలుకుని కూర్చోవడం కాదని, పిలుపు వస్తే లేచే బాధ్యత అని ముందే తేల్చుకున్నాం.

వంటగదిలో గ్యాస్ లీక్ డిటెక్టరు, హాల్లో స్మోక్ డిటెక్టరు పెట్టించాం. ఇక్కడ నేను చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. ఆందోళన రుగ్మతల్లో ఇలాంటి పరికరాలు ఊతకర్రలై జబ్బును పెంచుతాయి, ఓసీడీ అయి ఉంటే ససేమిరా ఒప్పుకునేవాణ్ని కాదు. ఈయన తనిఖీకి ఒక ముగింపు ఉంది కనుక, నమ్మదగిన పరికరం మరో కాపలాదారులా పనిచేస్తుందని అంచనా వేశాను. షరతు ఒక్కటే: నెలకు ఒకసారి, నెల మొదటి ఆదివారం మాత్రమే టెస్ట్ బటన్ నొక్కాలి. ఇంకొక చిన్న ఏర్పాటు ఆయన చేతిపనే. లైను కరెంటు ఉన్నంతసేపూ వెలిగే ఒక ఎర్ర ఇండికేటరు దీపాన్ని పక్క మీద నుంచి కనిపించేలా గోడకు బిగించుకున్నారు. ఫ్యాను ఆగి, దీపమూ ఆరితే కరెంటు పోయినట్టు. దీపం వెలుగుతుండగా ఫ్యాను ఆగితేనే లోపం ఇంట్లో ఉన్నట్టు. కళ్లు తెరిచి చూస్తే కారణం తెలిసిపోతుంది, కాలు కింద పెట్టాల్సిన పని లేదు.

పక్క మీద నుంచి లేవాలన్న సీబీటీ నియమాన్ని తీసేసి, నిలకడగా ఒకే వేళకు లేవడం, పొద్దున్నే అరగంట ఎండలో నడవడం మాత్రం ఉంచాం. ఉద్యోగం మానేయమని భార్య పట్టుబట్టింది. నేను వద్దన్నాను, ఎందుకంటే ఆయన నైపుణ్యానికి గౌరవం దొరుకుతున్న ఏకైక చోటు అదే. మారుతున్న షిఫ్టులు ఆపి స్థిరంగా పగటి షిఫ్టు ఇవ్వమని యాజమాన్యానికి జబ్బు పేరు రాయకుండా ఒక లేఖ ఇచ్చాను, వారు ఒప్పుకున్నారు.

మొదటి రెండు వారాలు సులువుగా గడవలేదు. ఆయన లేచేవారు, "నా వాచ్, పడుకోండి" అని ఆమె అనేది, మళ్లీ పడుకునేవారు. అలారం మోగకపోతే ఏం చేస్తావు, పొగ ఎటు నుంచి వస్తుందో ఎలా తెలుసుకుంటావు అని ఆమెను ప్రశ్నలతో వేధించారు. అయితే అందులో ఒక మేలుంది: జవాబులు చెబుతున్న కొద్దీ ఆమె మీద నమ్మకం కుదిరింది. క్రమంగా నిద్ర నాలుగు గంటలు, ఐదు గంటలు వరసగా రాసాగింది. కొన్ని నెలలకు ఐఎస్ఐ స్కోరు 15 లోపుకు దిగింది. అల్ప్రాజోలం పూర్తిగా ఆగింది.

కూతురి సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. క్షమాపణ చెప్పమని తొందరపెట్టలేదు. ముందు ఆయనే కొత్త గడియ కొనితెచ్చి, ఆమె ఇంట్లో ఉన్నప్పుడు, ఆమెను అడిగి బిగించారు. తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచి, జవాబు కోసం ఆగాలన్న నియమాన్ని నోటుబుక్కు మొదటి పేజీలో తన చేత్తో రాశారు. వేసవి సెలవుల్లో ముగ్గురూ విశాఖ వెళ్లి బీచిలోని ఐఎన్ఎస్ కురుసుర చూశారు. 1969లో సేవలోకి వచ్చి, 2001లో విరమించి, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి అది. ఒక కంపార్ట్‌మెంటు నుంచి ఇంకో దానిలోకి వంగి దూరాల్సిన గుండ్రని ద్వారం దగ్గర ఆ పిల్ల ఆగి, ఇది మూసేస్తే అవతలివాళ్లు ఏమవుతారని అడిగిందట. నీరు లోపలికి వస్తే ముందు ద్వారం మూయాలని, అవతల ఎవరున్నా సరే మూయాలని ఆయన చెప్పారట. తలుపు అవతల పొగ వాసన వస్తే నాన్న ఎందుకు అలా చేశాడో ఆమెకు ఆ రోజు కొంత అర్థమైందని తల్లి చెప్పింది. వెళ్లమని నేను చెప్పలేదు, అది వారి ఆలోచనే.

దీని నుంచి గ్రహించినవి

నిద్రలేమితో వచ్చే ప్రతి మాజీ సబ్‌మెరైనర్‌కూ ఈ పద్ధతి సరిపోతుందని చెప్పడం లేదు. పీడకలలు, తప్పించుకు తిరగడం ఉంటే అది పీటీఎస్‌డీ కావచ్చు, దానికి తగిన చికిత్స వేరే ఉంది. అయితే చరిత్ర తీసుకునేటప్పుడు ఒక ప్రశ్నను నేను ఇప్పుడు వదలడం లేదు: "డ్యూటీలో ఉన్న రోజుల్లో మీకు నిద్ర ఎక్కడ, ఎప్పుడు బాగా పట్టేది?" ప్రమాదకరమైన చోట బాగా నిద్రపోయి, క్షేమమైన ఇంట్లో నిద్రపోలేని మనిషి కనిపిస్తే, భయం కోసం వెతికే ముందు బాధ్యత కోసం వెతకాలి. విజయవాడ జంక్షన్‌లో లోకో పైలట్లు, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూము సిబ్బంది, మర్చంట్ నేవీ ఇంజనీర్లు, ఐసీయూ నర్సులు: వీరందరూ అప్పగింతతోనే డ్యూటీ ముగించేవారు. రిటైరైనప్పుడో, ఉద్యోగం మారినప్పుడో ఆ అప్పగింత ఒక్కటే వారికి దక్కదు. భార్యను కూడా మొదటి నెలలోనే విడిగా వినాలి. ఆమె వాంగ్మూలం భర్త లక్షణాల కోసం మాత్రమే అనుకుంటే సగం కేసు చేజారుతుంది.

ఒక తుపాను రాత్రి ఊరంతా కరెంటు పోయి, వీధిలో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. ఆయన మేలుకున్నారు. ఇద్దరూ నాలుగేసి గంటలు వంతులేసుకుని కాపలా కాశారని నోటుబుక్కులో ఉంది. దాన్ని నేను తిరగబెట్టడంగా లెక్కించలేదు. నిజంగా కాపలా అవసరమైన రాత్రి అది, అప్పుడు కూడా ఆయన తన వంతు కాగానే పడుకున్నారు.

భార్య పుట్టింటికి వెళ్లిన రాత్రుల్లో మాత్రం నిద్ర ఇంకా చెదురుతోంది. ఆ రోజుల్లో పడుకునే ముందు ఆమెకు ఫోన్ చేసి పరిస్థితి చెప్పి, డిటెక్టర్లను ఉద్దేశించి "మీదే వాచ్" అని నోటుబుక్కులో రాసి తనే సంతకం పెట్టే పద్ధతిని ఇప్పుడు ప్రయత్నిస్తున్నాం. కొన్ని రాత్రులు పనిచేస్తోంది, కొన్ని రాత్రులు లేదు. ఎస్సిటాలోప్రామ్ తగ్గించడం ఈ ఒక్కటీ కుదుటపడ్డాక మొదలుపెడతాం.